నేపాల్‌కు కారు తీసే ముందు తిరుపతిలోనే చూసుకోవాల్సినవి

సంపాదకుల వారికి,

సెలవులకు సొంత కారులో నేపాల్ వెళ్లి రావాలనే ఆలోచన మన తిరుపతి, చిత్తూరు కుటుంబాల్లో పెరుగుతోంది. పశుపతినాథుడు, లుంబిని, పోఖరా, ఓపికుంటే ముక్తినాథ్. యాత్రల గురించి వచ్చే కథనాలు గుళ్లు, హోటళ్లు, చూడాల్సిన చోట్లు బాగానే చెబుతున్నాయి. సరిహద్దు దగ్గర కారును ఆపేసే కాగితాల సంగతి మాత్రం వాటిలో రెండు వాక్యాల్లో అయిపోతోంది. మనవాళ్లు ఎక్కువగా దాటే సోనౌలి గేటు తిరుపతికి రెండు వేల కిలోమీటర్ల పైచిలుకు దూరం. ఒక కాగితం తక్కువైందని అక్కడ తెలిస్తే తెచ్చుకునే దారి ఉండదు. అందుకే వివరంగా రాస్తున్నాం. వీలైనంత వరకు కోత లేకుండా ప్రచురించమని మనవి.

మొదట మనుషుల గుర్తింపు. నేపాల్‌కు మనకు వీసా అక్కర్లేదు. 1950 నాటి ఒప్పందం ఇచ్చిన సౌకర్యం అది. అయితే వీసా లేదంటే ఏ కార్డయినా చెల్లుతుందని కాదు. పెద్దలకు పాస్‌పోర్టు కావాలి, లేదా ఎన్నికల సంఘం ఇచ్చిన ఓటరు కార్డు కావాలి. ఆధార్ 15 ఏళ్ల లోపు పిల్లలకు, 65 ఏళ్లు దాటిన పెద్దవాళ్లకు మాత్రమే చెల్లుతుంది. 15 నుంచి 18 ఏళ్ల మధ్య పిల్లలకు స్కూలు ప్రిన్సిపాల్ ఇచ్చే గుర్తింపు పత్రం పనికొస్తుంది. ఇంట్లో ఎక్కువగా ఇరుక్కునేది 19, 20 ఏళ్ల కాలేజీ పిల్లలు. వాళ్ల దగ్గర ఆధార్, పాన్, డ్రైవింగ్ లైసెన్స్ అన్నీ ఉంటాయి, ఓటు ఇంకా నమోదై ఉండదు, పాస్‌పోర్టు తీసి ఉండరు. ఉన్న కార్డుల్లో ఒక్కటీ వాళ్లకు పనికిరాదు. ఫారం 6 పెట్టి ఓటరు కార్డు తెచ్చుకోవడానికి వారాలు పడుతుంది. తిరుపతిలోనే పాస్‌పోర్టు సేవా కేంద్రం ఉంది కాబట్టి, ప్రయాణానికి రెండు నెలల ముందే దరఖాస్తు పెట్టడం మేలు. ఇంటిల్లిపాదికీ పాస్‌పోర్టులుంటే ఇక ఈ లెక్కలేవీ అక్కర్లేదు.

తరువాత బండి కాగితాలు. మన రాష్ట్రంలో కొన్నాళ్లు సీ-బుక్కు, లైసెన్సుల ప్లాస్టిక్ కార్డులు ఇవ్వడం ఆపేసి ఫోన్‌లో చూపిస్తే చాలన్నారు. ఆ రోజుల్లో బండి కొన్నవాళ్ల చేతిలో ఇప్పటికీ కార్డు లేకపోవచ్చు. డిజీలాకర్‌లో ఉన్నది ఇక్కడి పోలీసులకు చెల్లుతుంది, సరిహద్దు అవతలి అధికారి దాన్ని ఒప్పుకోవాలని రూలేమీ లేదు. కార్డు తెప్పించుకోండి. దానికి నాలుగు జిరాక్సులు తీసి వేరే సంచిలో పెట్టుకోండి. ఫైనాన్స్‌లో ఉన్న బండైతే సీ-బుక్కు మీద బ్యాంకు పేరు ఉంటుంది. బండిని నేపాల్ తీసుకెళ్లడానికి అభ్యంతరం లేదని బ్యాంకు నుంచి లెటర్‌హెడ్ మీద ఉత్తరం తీసుకోవాలి, అందులో బండి నంబరు, వెళ్లే తేదీలు ఉండాలి. తమ్ముడి కారో, మామగారి కారో తీసుకెళ్తూ ఆ యజమాని వెంట రాకపోతే, నోటరీ చేయించిన అధికార పత్రం, దానితో పాటు ఆయన గుర్తింపు కార్డు నకలు వెంట ఉండాలి. ఎల్లో బోర్డు బండ్ల వాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. ఆలిండియా టూరిస్ట్ పర్మిట్ పేరుకు తగ్గట్టు ఇండియా వరకే. సెల్ఫ్ డ్రైవ్ అద్దె కారు తీసుకునేవాళ్లు దేశం దాటించొచ్చా లేదా అన్నది ఒప్పందంలో ముందే చదువుకోవాలి.

ఇక ఇన్సూరెన్స్. మనవాళ్లు దాదాపుగా పట్టించుకోనిదీ, పట్టించుకోకపోతే అన్నింటికన్నా ఎక్కువ నష్టపోయేదీ ఇక్కడే. మీ పాలసీ కాగితం తీసి మొదటి పేజీలోనే 'జియోగ్రాఫికల్ ఏరియా' అన్న గడి చూడండి. మామూలుగా అక్కడ 'ఇండియా' అని ఒక్క మాటే ఉంటుంది. అంటే సోనౌలి గేటు దాటిన క్షణం నుంచి తరుగు కోయకుండా ఇచ్చే బంపర్ టు బంపర్ (జీరో డిప్) పాలసీ కట్టినా మీ కారుకు కవరేజీ లేనట్టే. పోఖరా దారిలో కారు లోయలోకి జారితే క్లెయిమును ఆ గడి చూపించే తిరస్కరిస్తారు. దీనికి మందు చాలా కాలంగా ఉంది. ఐఎంటీ-1 అనే ఎండార్స్‌మెంట్, అంటే పాలసీకి కలిపే చేర్పు వేయిస్తే కవరేజీ నేపాల్, భూటాన్, బంగ్లాదేశ్, శ్రీలంక, మాల్దీవులు, పాకిస్థాన్‌లకు విస్తరిస్తుంది. 2002 నాటి మోటార్ టారిఫ్‌లో దీనికి సొంత బండి నష్టం కూడా కప్పే ప్యాకేజీ పాలసీకి 500 రూపాయలు, థర్డ్ పార్టీ మాత్రమే ఉన్న పాలసీకి 100 రూపాయలు అదనపు ప్రీమియం. ఇప్పుడు కంపెనీని బట్టి కొంత తేడా ఉండొచ్చు గానీ, లక్షల విలువ చేసే కారు ముందు అదొక లెక్క కాదు. ఫోన్‌లో పాలసీ కొన్నవాళ్లకు ఆ తెరల మీద ఈ ఆప్షన్ కనిపించకపోవచ్చు. కంపెనీకి మెయిల్ రాసి గానీ, బ్రాంచికి వెళ్లి గానీ అడిగి వేయించుకోవాలి. ఎండార్స్‌మెంట్ కాగితం చేతికొచ్చాక అందులో నేపాల్ పేరు, ప్రయాణం తేదీలు కప్పే గడువు ఉన్నాయో లేదో స్వయంగా చదవండి. ఏజెంటు నోటిమాట చాలదు.

ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ కోసం ఆర్టీఓ ఆఫీసు చుట్టూ తిరిగేవాళ్లు ఉన్నారు. నేపాల్‌కు అది అక్కర్లేదు. మన లైసెన్సే చెల్లుతుంది, అక్కడా ఎడమ పక్కనే నడపాలి.

దారి సంగతి క్లుప్తంగా. తిరుపతి, కడప, కర్నూలు, హైదరాబాద్, నాగ్‌పూర్, జబల్‌పూర్, రీవా, వారణాసి, గోరఖ్‌పూర్, సోనౌలి. హైదరాబాద్, నాగ్‌పూర్, రీవా, గోరఖ్‌పూర్‌లలో రాత్రి ఆగితే రోజుకు ఐదారు వందల కిలోమీటర్లు మించదు. ఐదో రోజు పొద్దున్నే సరిహద్దుకు చేరొచ్చు. గోరఖ్‌పూర్‌లోనే ట్యాంకు నింపుకుని, 100 రూపాయల నోట్లు కట్టలుగా తీసుకోవాలి. నేపాల్‌లో మన పెద్ద నోట్లతో చాలా కాలం తలనొప్పిగా ఉండేది, 100 నోటుకు మాత్రం ఎక్కడా అడ్డు లేదు. మన ఒక రూపాయికి వాళ్ల 1.60 రూపాయలు, 1993 నుంచి ఇదే రేటు. 2024 మార్చి నుంచి అక్కడి ఫోన్‌పే క్యూఆర్‌ల మీద మన యూపీఐ పనిచేస్తోంది గానీ కొండదారి టీకొట్లలో దాన్ని నమ్ముకోవద్దు. ఆ ఫోన్‌పే నేపాల్ సంస్థ, మన ఫోన్లలో ఉండే యాప్ వేరు.

సోనౌలిలో లారీల వరుస కిలోమీటర్ల కొద్దీ ఎడమ పక్క నిలిచి ఉంటుంది. కార్లు ఆ వరుసలో నిలబడనక్కర్లేదు, కుడి పక్కగా నెమ్మదిగా ముందుకు పోవచ్చు. మన వైపు సరిహద్దు కాపలా కాసే సశస్త్ర సీమాబల్ వాళ్లు కార్డులు చూస్తారు. గేటు దాటితే నేపాల్ వైపు ఊరు బెలహియా. కారును పక్కన ఆపి నేపాల్ కస్టమ్స్ ఆఫీసుకు నడిచి వెళ్లాలి. అక్కడ తీసుకునేదే భన్సార్, అంటే కారు ఉండే రోజులకు కట్టే రుసుము. సీ-బుక్కు, లైసెన్సు చూపించి, బండి నంబరు, ఇంజిన్ నంబరు, ఛాసిస్ నంబరు, ఎన్ని రోజులు, ఏ ఊళ్లు, ఏ గేటు నుంచి తిరిగి వెళ్తారు అన్నవి రాయించాలి. తరువాత ట్రాఫిక్ వాళ్ల దగ్గర రోడ్డు పర్మిట్. కారు ఆగీ ఆగకముందే దళారులు కిటికీ దగ్గరికి వచ్చి కాగితాలు ఇవ్వమంటారు. ఒరిజినల్ సీ-బుక్కును ఎవరి చేతికీ ఇవ్వకండి. కౌంటరు దగ్గర మీరే నిలబడితే గంట, గంటన్నరలో పని అయిపోతుంది.

ఈ భన్సార్ రసీదు దగ్గరే మూడు తప్పులు జరుగుతుంటాయి. ఒకటి, బండి నంబరులో ఒక అక్షరమో అంకో తేడా పడటం. కౌంటరు వదలకముందే సీ-బుక్కు పక్కన పెట్టుకుని అక్షరం అక్షరం సరిచూడాలి, లేకపోతే దారిలో ప్రతి చెకింగు దగ్గరా జవాబు చెప్పుకోవాలి. రెండు, తేదీలు. నేపాల్ ప్రభుత్వ కాగితాలు విక్రమ సంవత్ లెక్కలో, దేవనాగరి అంకెల్లో ఉంటాయి. మనకు 2025 నవంబరు మొదటి వారం వాళ్లకు 2082 కార్తీకం. గడువు ఎప్పుడు ముగుస్తుందో మనకు ఆ కాగితం చూసి తెలియదు. కౌంటరులో ఉన్నాయన్ని అడిగి మన తేదీని పెన్నుతో పక్కన రాసుకోండి. మూడు, రోజుల లెక్క. లోపలికి వెళ్లిన రోజూ, బయటికి వచ్చే రోజూ కూడా లెక్కలోకి వస్తాయి. కొండచరియ పడి దారి మూసుకుపోతే ఒకటి రెండు రోజులు ఆలస్యం మామూలే, గడువు దాటితే వేసే జరిమానా రోజు రుసుము కన్నా చాలా ఎక్కువ. ఏడు రోజుల ప్లానుకు తొమ్మిది రోజులు రాయించడం తెలివైన పని. మన బండికి ఏడాదిలో మొత్తం 30 రోజులకు మించి అనుమతి లేదు. తిరిగి వచ్చేటప్పుడు ఆ కాగితాన్ని గేటు దగ్గర కస్టమ్స్‌లో అప్పగించి, బండి బయటికి వెళ్లినట్టు నమోదు చేయించాలి. తొందరలో ఇది మరిచిపోతే వాళ్ల పుస్తకాల్లో మీ కారు ఇంకా నేపాల్‌లోనే ఉన్నట్టు ఉంటుంది. మళ్లీ వెళ్లినప్పుడు ఆ సంగతి బయటపడుతుంది.

ఎప్పుడు వెళ్లాలన్నది కూడా ప్రాణాలతో ముడిపడిన విషయమే. మన స్కూళ్ల సెలవులు ఏప్రిల్ చివర్లో మొదలై జూన్ దాకా ఉంటాయి. మే నెలలో నాగ్‌పూర్, జబల్‌పూర్ ఎండలు తట్టుకోగలిగితే వెళ్లండి గానీ, జూన్ రెండో వారానికల్లా కొండలు దిగి ఇవతలికి వచ్చేయండి. నేపాల్‌లోకి రుతుపవనాలు వచ్చేది ఆ వారంలోనే. 2024 జులై 12న నారాయణ్‌ఘాట్, ముగ్లింగ్ దారిలో సిమల్‌తాల్ దగ్గర కొండచరియ విరిగిపడి రెండు బస్సులు త్రిశూలి నదిలోకి కొట్టుకుపోయాయి. అది ఖాట్మండుకు అందరూ వెళ్లే ప్రధాన దారే. అదే ఏడాది ఆగస్టులో తనహున్ జిల్లాలో మహారాష్ట్ర యాత్రికుల బస్సు మర్స్యాంగ్డీ నది ఒడ్డున లోయలో పడింది. జూన్ మధ్య నుంచి సెప్టెంబరు చివరి దాకా సొంత కారులో ఆ కొండలు ఎక్కొద్దని గట్టిగా చెబుతున్నాం. డిసెంబరు, జనవరిల్లో గోరఖ్‌పూర్ నుంచి నేపాల్ దక్షిణాన ఉన్న తరాయి మైదానాల దాకా పొగమంచు కమ్ముకుని పది అడుగుల దూరం కనపడదు. మన వైపు అలాంటి మంచులో నడిపే అలవాటు ఎవరికీ లేదు. దసరా సెలవులైతే వాతావరణం బాగుంటుంది గానీ, నేపాలీలకు అదే దశైం పండుగ. మన దేశంలో పనిచేసే నేపాలీలంతా అప్పుడే ఇళ్లకు పోతారు, గేటు కిటకిటలాడుతుంది. అక్టోబరు చివర, నవంబరు, మార్చి మంచి కాలాలు.

సోనౌలి నుంచి పోఖరా 180 కిలోమీటర్లే కదా, మధ్యాహ్నానికి చేరతాం అని లెక్కవేసేవాళ్లు బుట్వల్ దాటగానే ఆ లెక్క మార్చుకోవాల్సి వస్తుంది. సిద్ధబాబా గుడి పక్క ఇరుకు లోయలో రాళ్లు దొర్లుతుంటాయి. అక్కడి నుంచి తాన్సేన్, స్యాంజా మీదుగా మలుపులే మలుపులు. గంటకు 25, 30 కిలోమీటర్లకు మించి లెక్క కట్టొద్దు. ఖాట్మండు దారిలో దౌన్నే కొండ దగ్గర, బుట్వల్ నుంచి నారాయణ్‌ఘాట్ దాకా రోడ్డు వెడల్పు పనుల దుమ్ము, గుంతలు. వర్షం పడితే అదే బురద. చీకటి పడకముందే ఊరు చేరాలి, రాత్రి ప్రయాణం పెట్టుకోవద్దు.

కొండ దిగడం గురించి కాస్త ఎక్కువగా చెప్పాలి, ఎందుకంటే తిరుమల ఘాట్‌లో నడిపిన అనుభవం ఉంది కదా అన్న ధైర్యం మనవాళ్లకు ఎక్కువ. తిరుమల నుంచి దిగే కారు 40 నిమిషాల లోపు అలిపిరి చేరకూడదన్న రూలు బ్రేకులను, మనుషులను కాపాడటానికే పెట్టారు. మనం దిగేది ఇంచుమించు 700 మీటర్ల ఎత్తు. నేపాల్‌లో త్రిభువన్ రాజ్‌పథ్ మీద దామన్ దగ్గరి కనుమ 2,488 మీటర్లు, అక్కడి నుంచి హెటౌడా చేరేసరికి రెండు వేల మీటర్లు దిగుతాం. తిరుమల కొండకు దాదాపు మూడు రెట్లు, అదీ ఏకబిగిన. పెడల్ మీద కాలు తీయకుండా దిగితే మొదట ప్యాడ్లు కాలి ముక్కుకు వాసన తగులుతుంది, తరువాత బ్రేక్ ఆయిల్ మరుగుతుంది. మరిగిన ఆయిల్‌లో ఆవిరి బుడగలు లేస్తాయి. బుడగ నొక్కుకుపోతుంది గానీ ఒత్తిడిని చక్రం దాకా పంపదు, అందుకే పెడల్ మెత్తబడి నేలకంటుతుంది. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమ పీల్చుకుంటుంది కాబట్టి పాతబడేకొద్దీ త్వరగా మరుగుతుంది. డాట్-4 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా తట్టుకుంటుంది, తేమ పట్టాక 155 డిగ్రీలకే మరగొచ్చు. అందుకే రెండేళ్లు దాటిన బ్రేక్ ఆయిల్‌ను బయల్దేరే ముందు ఇక్కడే మార్పించాలి, ప్యాడ్లు సగానికి పైగా అరిగి ఉంటే అవి కూడా. ఎక్కిన గేరులోనే దిగాలి, రెండో గేరులో ఇంజినే బండిని పట్టుకుంటుంది. ఆటోమేటిక్ కారులో 'డి'లో వదిలేయకుండా 'ఎల్' గానీ మాన్యువల్ మోడ్‌లో రెండో గేరు గానీ వేయాలి. వాసన వస్తే వెడల్పు చోటు చూసి ఆపి, గేరులో ఉంచి, చక్రం కింద రాయి పెట్టి అరగంట చల్లారనివ్వాలి. కాలిన డిస్కు మీద నీళ్లు పోస్తే అది వంకరపోతుంది.

అక్కడి పద్ధతులు కొన్ని. ఖాట్మండులో 2017 నుంచి అనవసరంగా హారన్ కొట్టడం నిషేధం. మందు తాగి నడపడాన్ని చాలా గట్టిగా పట్టుకుంటారు. తరాయి రోడ్ల మీద ఆవులు పడుకుని ఉంటాయి. ఆవు నేపాల్ జాతీయ జంతువు, దాన్ని గుద్ది చంపితే వ్యవహారం మామూలు ప్రమాదంతో పోదు. ప్రమాదం జరిగితే పోలీసులకు 100, అంబులెన్సుకు 102, ట్రాఫిక్‌కు 103. మన 108 అక్కడ పలకదు. మన సిమ్ రోమింగ్ లేకుండా పనిచేయదు కాబట్టి గేటు దాటగానే గుర్తింపు కార్డు నకలు, ఫోటో ఇచ్చి అక్కడి సిమ్ తీసుకోండి. ప్రభుత్వ ఆఫీసులకు శనివారం సెలవు. వాచీని పదిహేను నిమిషాలు ముందుకు తిప్పుకోవాలి.

ముక్తినాథ్ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. 108 దివ్యదేశాల్లో అది సాళగ్రామం కనుక మన జిల్లా వైష్ణవ భక్తులు తప్పకుండా వెళ్లాలనుకుంటారు. గుడి 3,700 మీటర్లకు పైన ఉంది. బేని దాటాక రోడ్డు రాళ్లు, వాగులు, బురద. కింద ఎత్తు తక్కువున్న కార్లను అటు తీసుకెళ్లొద్దు. పోఖరా హోటల్లో కారు వదిలి, స్థానిక డ్రైవరుతో జీపు మాట్లాడుకోవాలి. కారు ఆగి ఉన్నా భన్సార్ రోజులు నడుస్తూనే ఉంటాయని మరవకండి. అన్నపూర్ణ రక్షిత ప్రాంతంలోకి వెళ్లడానికి మనకు 1,000 నేపాలీ రూపాయల పర్మిట్ కావాలి. ఒక రాత్రి జోమ్‌సోమ్‌లో ఆగి, మర్నాడు పొద్దున్నే గుడికి వెళ్లి రావాలి. పొద్దెక్కేకొద్దీ ఆ లోయలో గాలి నిలబడనివ్వదు, ఒకే రోజులో అంత ఎత్తు ఎక్కితే పెద్దవాళ్లకు తలనొప్పి, వాంతులు, ఆయాసం వస్తాయి. గుండె జబ్బు, బీపీ ఉన్నవాళ్లు డాక్టరును అడిగాకే జీపు మాట్లాడుకోవాలి.

2025 సెప్టెంబరులో ఖాట్మండు అల్లర్లలో చిక్కుకున్న తెలుగువాళ్లను ప్రభుత్వం ప్రత్యేక విమానంలో విశాఖకు, తిరుపతికి చేర్చింది. అలాంటప్పుడు మనుషులు విమానం ఎక్కగలరు, కారు అక్కడే ఉండిపోతుంది. అందుకని కారు రెండో తాళం చెవిని, కాగితాల నకళ్లను ఇంకొకరి సంచిలో ఉంచాలి. ఖాట్మండులోని మన రాయబార కార్యాలయం నంబరును ముందే రాసి పెట్టుకోవాలి.

భూటాన్ అడిగేవాళ్లకు ఒక మాట. అక్కడ 2022 సెప్టెంబరు నుంచి మన దేశస్థులు మనిషికి రాత్రికి 1,200 రూపాయలు అభివృద్ధి రుసుము కట్టాలి. నలుగురు పెద్దలు ఐదు రాత్రులుంటే హోటలు కాక అదే 24,000 రూపాయలు. సొంత కారుకు విడిగా పర్మిట్ కావాలి. శ్రీలంక దగ్గరే కదా అనిపిస్తుంది గానీ, 2023 అక్టోబరులో మొదలైన నాగపట్టణం, కాంకేశంతురై ఫెర్రీ మనుషులకే, కార్లకు కాదు. ఇక దూరదేశాలకు కారు తీసుకెళ్లాలంటే కార్నే అనే కస్టమ్స్ పత్రం, దానికి బ్యాంకు గ్యారంటీ కావాలి. అది వేరే ఉత్తరానికి సరిపడా విషయం.

చివరిగా మూడు విన్నపాలు. తిరుపతి, చిత్తూరు రవాణా శాఖ కార్యాలయాల్లో ఇంటర్నేషనల్ పర్మిట్ ఇచ్చే కౌంటరు దగ్గర, నేపాల్‌కు, భూటాన్‌కు ఇది అక్కర్లేదని, కావాల్సినవి ఫలానా అని తెలుగులో ఒక బోర్డు పెట్టాలి. ప్లాస్టిక్ కార్డు అందనివాళ్లకు అడిగిన వెంటనే ఇచ్చే ఏర్పాటు చేయాలి. ఇన్సూరెన్స్ కంపెనీల ఇక్కడి బ్రాంచులు రెన్యువల్ సమయంలో 'ఈ ఏడాది కారును దేశం దాటిస్తారా' అని ఒక్క ప్రశ్న అడిగి, అవునంటే ఐఎంటీ-1 వేసి ఇవ్వాలి. మీ పత్రిక జిల్లా పేజీలో సెలవులకు నెల రోజుల ముందు ఈ కాగితాల జాబితాను ఒక చిన్న బాక్సులో వేస్తే, చదివినవాళ్లు దాన్ని కత్తిరించి కారు డ్యాష్‌బోర్డులో పెట్టుకుంటారు.

ఇట్లు,
సొంత కార్లలో యాత్రలు చేసే పాఠకులు,
తిరుపతి